సైనిక వాహన మెకానిక్‌కు బయట తగిన ఉద్యోగం ఎక్కడ ఉంది?

సైన్యంలోని ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్) విభాగంలో వాహనాల మరమ్మతు పని చేసి పదవీ విరమణ పొందినవారు, త్వరలో పొందబోతున్నవారు రాసిన ఉత్తరాలకే ఈసారి ఈ శీర్షికను కేటాయిస్తున్నాము. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా ఇచ్చాము. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను వెహికల్ మెకానిక్ ట్రేడ్‌లో హవల్దారును. స్టాలియన్, ఎల్పీటీఏ లారీలు, జిప్సీ వాహనాల మీద 23 ఏళ్లుగా పనిచేస్తున్నాను. వచ్చే ఏడాది ఇంటికి వచ్చేస్తాను. నాకంటే ముందు వచ్చినవారిలో చాలామంది బ్యాంకుల్లోనో, అపార్టుమెంట్లలోనో గార్డులుగా చేరారు. నా పనితనానికి తగిన ఉద్యోగం బయట దొరుకుతుందా? (కరీంనగర్ జిల్లా పాఠకుడు)

జవాబు: దొరుకుతుంది. అయితే దానిని మీరు వెతుకుతున్న చోటు సరైనదై ఉండాలి. గార్డు ఉద్యోగంలో తక్కువతనం ఏమీ లేదు. కానీ 23 ఏళ్ల పనితనాన్ని గేటు దగ్గర వదిలిపెట్టడం మీకూ నష్టమే, మీలాంటివారి కోసం వెతుకుతున్న సంస్థలకూ నష్టమే.

చాలామంది బయటకు రాగానే ముందుగా కార్ల షోరూముల సర్వీస్ సెంటర్లకు వెళ్తారు. అక్కడ పనిలో ఎక్కువ భాగం ఆయిలు మార్చడం, విడిభాగం తీసి కొత్తది బిగించడం, గంటకు ఇన్ని కార్లు పూర్తిచేయడం. ఇరవై ఏళ్ల కుర్రవాడికి ఇచ్చే జీతమే మీకూ ఇస్తారు, ఎందుకంటే ఆ పనికి అంతకంటే అనుభవం అవసరం లేదు. మీ అనుభవం వేరే రకానిది. విడిభాగం వచ్చేదాకా ఆగే వీలు లేని చోట, ఎత్తయిన కొండదారిలోనో ఎడారిలోనో, ఉన్న పనిముట్లతో బండిని మళ్లీ నడిచేలా చేయడం, యూనిట్‌లోని వాహనాలలో వీఓఆర్ జాబితాకు, అంటే నడవలేక మరమ్మతుకు ఆగిపోయినవాటి జాబితాకు, ఎక్కేవాటిని తగ్గించడం, ఏ వాహనానికి ఎప్పుడు తనిఖీ జరగాలో లాగ్‌బుక్ ప్రకారం చూసుకోవడం మీరు ఇన్నేళ్లూ చేసిన పని. కాబట్టి ఒక యంత్రం గంటసేపు ఆగితే యజమానికి పెద్ద మొత్తంలో నష్టం వచ్చే చోటికి వెళ్లండి. అక్కడ మీ మాటకు విలువ ఉంటుంది.

మీ జిల్లా నుంచి చూస్తే మొదట కనిపించేది బొగ్గు గనులు. సింగరేణిలో బొగ్గు ఎక్కువగా ఓపెన్‌కాస్ట్ గనుల నుంచే వస్తుంది. అక్కడ డంపర్లు, షవళ్లు, డోజర్లు, గ్రేడర్లు రాత్రింబవళ్లు నడుస్తాయి. సంస్థలోని శాశ్వత ఉద్యోగానికి నోటిఫికేషన్ కోసం ఎదురుచూడక తప్పదు. కానీ మట్టి తొలగింపు పనులు తీసుకున్న కాంట్రాక్టర్లకు సొంత వాహనాలు, సొంత వర్క్‌షాపులు ఉంటాయి. యంత్రాలు అమ్మిన కంపెనీలు కూడా నిర్వహణ ఒప్పందాల కింద గనిలోనే తమ మనుషులను ఉంచుతాయి. బీఈఎంఎల్, కొమాట్సు, క్యాటర్‌పిల్లర్, టాటా హిటాచీ వంటి యంత్రాల డీలర్ల దగ్గర ఫీల్డ్ సర్వీస్ టెక్నీషియన్ అనే ఉద్యోగం ఉంటుంది. సర్వీస్ వ్యాను, పనిముట్ల పెట్టె, ల్యాప్‌టాప్ ఇచ్చి యంత్రం ఉన్న చోటికే పంపుతారు. ఎండా వానా చూడకుండా, పైఅధికారి పక్కన లేకుండా, ఒంటరిగా నిర్ణయం తీసుకోవలసిన పని ఇది. ఈ ఉద్యోగాల్లో చేరిన కొత్తవారిలో చాలామంది ఆ ఒంటరితనం తట్టుకోలేక వెళ్లిపోతారు. మీకు అది కొత్త కాదు. నా అభిప్రాయంలో ఈఎంఈ నుంచి వచ్చిన మెకానిక్‌కు అన్నిటికంటే సరిపోయే పౌర ఉద్యోగం ఇదే.

ఇల్లు వదిలి తిరగడం ఇక వద్దనుకుంటే ఒకే చోట ఉండే పనులూ ఉన్నాయి. సిమెంటు కర్మాగారాల సున్నపురాయి క్వారీలు, నౌకాశ్రయాల్లో కంటైనర్లు ఎత్తే యంత్రాలు, విమానాశ్రయాల్లో విమానాలను లాగే ట్రాక్టర్లు, సామాను ఎక్కించే లోడర్లు, అగ్నిమాపక వాహనాలు, ఆసుపత్రుల్లోనూ డేటా సెంటర్లలోనూ ఉండే పెద్ద జనరేటర్లు, ఇవన్నీ డీజిల్ ఇంజను, హైడ్రాలిక్స్, 24 వోల్టుల విద్యుత్తు తెలిసిన మనిషిని కోరుకునేవే. విమానాశ్రయంలోకి వెళ్లడానికి పోలీసు విచారణ తరువాత ఇచ్చే పాసు కావాలి. మంచి సర్వీసు రికార్డుతో వచ్చిన మాజీ సైనికుడికి ఆ విచారణ ఇబ్బంది కాదు.

హవల్దారుగా మీరు మనుషులతో పని చేయించారు. అందువల్ల స్పానర్ పట్టే ఉద్యోగానికే కాక, లారీ రవాణా సంస్థలలో, స్కూలు బస్సుల నిర్వహణలో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ పదవికి కూడా దరఖాస్తు చేయండి. కొందరు సుబేదార్లు కూడా ఆ పదవికి తాము తగమనుకుని మెకానిక్ ఉద్యోగానికే దరఖాస్తు పెట్టుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ప్రశ్న: నేను టీ-72 ట్యాంకులు, బీఎంపీ-2 కవచ వాహనాల మెకానిక్‌ను. బయట ట్యాంకులు ఉండవు కదా, నా ట్రేడ్‌కు విలువేమిటి? (అనంతపురం జిల్లా పాఠకుడు)

జవాబు: ట్యాంకులు ఉండవు, కానీ ట్యాంకులో ఉన్నవన్నీ ఉంటాయి. టీ-72 ఇంజను 12 సిలిండర్ల, 780 అశ్వశక్తి డీజిల్ ఇంజను. గనుల్లో తిరిగే వంద టన్నుల తరగతి డంపర్లలో చాలావాటికి ఉన్నవీ 12 సిలిండర్ల డీజిల్ ఇంజన్లే. ట్రాక్‌ల బిగువు, రోడ్ వీల్స్, ఫైనల్ డ్రైవులు తెలిసిన మీకు డోజరు, ఎక్స్‌కవేటరు అండర్‌క్యారేజ్ అర్థం కావడానికి ఎక్కువ కాలం పట్టదు. కొత్తగా నేర్చుకోవలసింది ప్రధానంగా హైడ్రాలిక్ పంపులు, వాల్వులు, వాటిని నడిపే ఎలక్ట్రానిక్ నియంత్రణ. మీ ట్రేడ్‌లోని పనినే కొనసాగించాలనుకుంటే మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ, ఆవడిలోని హెవీ వెహికల్ ఫ్యాక్టరీ ఉన్నాయి. ఇవి 2021 అక్టోబరు 1 నుంచి ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ లిమిటెడ్ కిందికి వచ్చాయి. ఇక్కడ సాంకేతిక సిబ్బందిని నిర్ణీత కాలపు ఒప్పందం మీద తీసుకోవడం జరుగుతోంది కాబట్టి, నోటిఫికేషన్‌లో కాలపరిమితి ఎంతో చదివి నిర్ణయించుకోండి. సైన్యానికి వాహనాలు సరఫరా చేసే ప్రైవేటు కంపెనీలకు కూడా యూనిట్లకు వెళ్లి మరమ్మతు చేసే మనుషులు అవసరం.

రికవరీ ట్రేడ్‌లో, అంటే చిక్కుకుపోయిన వాహనాలను బయటకు లాగే పనిలో, చేసినవారూ ఇదే ప్రశ్న అడిగారు. జాతీయ రహదారుల మీద టోల్ వసూలు చేసే సంస్థలు క్రేన్లు, గస్తీ వాహనాలు నడపాలి. 1033 నంబరుకు ఫోను వస్తే వెళ్లేది ఆ బృందాలే. బోల్తా పడిన ట్యాంకరును వించ్‌తో ప్రమాదం లేకుండా లేపడం తెలిసినవారు అక్కడ చాలా తక్కువ.

ప్రశ్న: ఒక ప్రైవేటు కంపెనీ ఇంటర్వ్యూలో నా డిశ్చార్జి పుస్తకం చూసి, ఐటీఐ సర్టిఫికెట్ ఏదని అడిగారు. క్లాస్-1 మెకానిక్ అంటే ఏమిటో వారికి తెలియలేదు. ఏం చేయాలి? (విజయనగరం జిల్లా పాఠకుడు)

జవాబు: మాజీ సైనికులకు అవకాశాలు చేజారేది ఎక్కువగా ఇక్కడే. పని రాకపోవడం వల్ల కాదు, వచ్చిన పనిని ఎదుటివారికి అర్థమయ్యే కాగితం మీద చూపలేకపోవడం వల్ల.

సైనిక ట్రేడ్‌లు ఏ పౌర ట్రేడ్‌లకు సమానమో తెలిపే ప్రచురణ పునరావాస డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీఆర్, వద్ద ఉంది. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో దానిని అడిగి, మీ ట్రేడ్ ఉన్న పేజీ నకలును ప్రతి దరఖాస్తుకూ జతచేయండి. అది సరిపోని చోట, ఇదివరకే ఉన్న నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి ఉంది. వాహన రంగానికి ఆటోమోటివ్ స్కిల్స్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ ఆ ప్రమాణాలను నిర్ణయిస్తుంది. కొన్ని రోజుల పరిచయ శిక్షణ, ఆపైన పరీక్ష. ఏళ్ల తరబడి మళ్లీ చదవవలసిన పని లేదు.

ఇంకా సర్వీసులో ఉన్నవారికి ఒక మాట గట్టిగా చెప్పాలి. చివరి కాలంలో డీజీఆర్ నిర్వహించే పునరావాస శిక్షణను జేసీఓలకు (జూనియర్ కమిషన్డ్ అధికారులకు), జవాన్లకు ప్రభుత్వ ఖర్చుతో ఇస్తారు. సెలవు మిగుల్చుకోవాలనో, ఇంటి పని ఉందనో దాన్ని వదులుకునేవారు ఎందరో ఉన్నారు. వదులుకోకండి. కోర్సు ఎంచుకునేటప్పుడు కూడా స్నేహితులు వెళ్తున్నారని ఏదో ఒకదానిలో చేరకుండా, మీ ట్రేడ్‌కు దగ్గరగా ఉండి, మీకు లేని సర్టిఫికెట్‌ను ఇచ్చేదానిని అడగండి.

ఇక బయోడేటా విషయం. ‘ఎల్‌ఏడీలో వీఎం డ్యూటీ’ అని రాస్తే కంపెనీలో చదివే వ్యక్తికి ఏమీ తెలియదు. ఎన్ని వాహనాల బాధ్యత చూశారు, అవి ఎన్ని టన్నులవి, మీ కింద ఎందరు పనిచేశారు, ఇంజను, గేర్‌బాక్సు ఓవర్‌హాల్ స్వయంగా చేశారా, విడిభాగాల నిల్వ చూశారా, ఇవి రాయండి. యూనిట్ పేరు, అది ఉన్న ప్రదేశం, మోహరింపు వివరాలు మాత్రం రాయకండి. అవి ఉద్యోగమిచ్చేవారికి అవసరం లేదు, బయటపెట్టకూడదు కూడా. ఇంకొకటి, భారీ వాహనాలు నడిపే పౌర లైసెన్సు చేతిలో ఉంచుకోండి. మరమ్మతు చేసిన లారీని రోడ్డు మీద పరీక్షించి చూడగల మెకానిక్‌కు ఎక్కడైనా ప్రాధాన్యం ఉంటుంది. ఆ లైసెన్సు చెల్లుబాటు 5 ఏళ్లు, కాబట్టి గడువు తేదీ గమనించుకోండి.

ప్రశ్న: ప్రభుత్వ ఉద్యోగాల్లో మాజీ సైనికుల రిజర్వేషన్ మెకానిక్‌లకు ఎంతవరకు ఉపయోగపడుతుంది? పెన్షన్ ఆగిపోతుందా? (ఖమ్మం, కడప జిల్లాల పాఠకులు)

జవాబు: కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి పోస్టుల్లో 10 శాతం, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు, జాతీయ బ్యాంకుల గ్రూప్-సి పోస్టుల్లో 14.5 శాతం మాజీ సైనికులకు కేటాయించారు. ఈ రెండో దానిలో 4.5 శాతం యుద్ధంలో వికలాంగులైనవారికి, ప్రాణాలు కోల్పోయినవారి కుటుంబసభ్యులకు చెందుతుంది. వయసు లెక్కలో మీ సర్వీసు కాలాన్ని అసలు వయసు నుంచి తీసివేస్తారు. అలా వచ్చిన వయసు గరిష్ఠ పరిమితిని 3 ఏళ్లకు మించి దాటకూడదు. 42 ఏళ్ల వయసులో 23 ఏళ్ల సర్వీసుతో వచ్చినవారి వయసు ఈ లెక్కలో 19 అవుతుంది కాబట్టి వయసు అడ్డంకి కాదు.

అడ్డంకి విద్యార్హత దగ్గర వస్తుంది. పదో తరగతి చదివి 15 ఏళ్ల సర్వీసు పూర్తిచేసినవారిని, రిజర్వు చేసిన గ్రూప్-సి పోస్టుల్లో, డిగ్రీ అడిగే వాటికి కూడా అర్హులుగా పరిగణించవచ్చు. అయితే ఇది సాంకేతిక అనుభవం తప్పనిసరి కాని పోస్టులకే వర్తిస్తుంది. అంటే గుమాస్తా ఉద్యోగానికి పనికొచ్చే వెసులుబాటు, డిప్లొమా అడిగే వర్క్‌షాప్ ఉద్యోగానికి పనికిరాదు. దీనిని గమనించకుండా దరఖాస్తు పెట్టి, ధ్రువపత్రాల పరిశీలన రోజున వెనక్కి వచ్చినవారు ఉన్నారు. సహాయ మోటారు వాహన తనిఖీ అధికారి పోస్టు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. దానికి ఆటోమొబైల్ డిప్లొమా వంటి సాంకేతిక విద్యార్హత కావాలి, భారీ వాహనాల లైసెన్సు కూడా ఉండాలి. డిప్లొమా ఉన్న జేసీఓలు మాత్రం ఈ నోటిఫికేషన్ కోసం తప్పక చూడవలసిందే. బీమా సంస్థల తరఫున ప్రమాద వాహనాల నష్టాన్ని అంచనా వేసే సర్వేయరు వృత్తికి కూడా డిప్లొమాతో మార్గం ఉంది. లైసెన్సు ఇచ్చేది బీమా నియంత్రణ సంస్థ, ముందుగా శిక్షణ, పరీక్ష ఉంటాయి.

ఆర్టీసీలో ఐటీఐ అర్హతతో చేరే మెకానిక్ స్థాయి పోస్టును శ్రామిక్ అంటారు. ఇక్కడ ఒక మార్పును గుర్తించాలి. ఎలక్ట్రిక్ బస్సులు ఎక్కువగా కిలోమీటరుకు ఇంత అనే ఒప్పందం మీద వస్తున్నాయి. వాటి నిర్వహణ ఆర్టీసీ సిబ్బంది చేతిలో కాక, బస్సులు నడిపే కంపెనీ చేతిలో ఉంటుంది. అందువల్ల డిపోలో ఉద్యోగం కావాలనుకునేవారు ఆర్టీసీ నోటిఫికేషన్‌తో పాటు ఆ కంపెనీల ప్రకటనలు కూడా చూడాలి.

పెన్షన్ గురించి భయపడకండి. ప్రైవేటు ఉద్యోగానికీ పెన్షన్‌కూ సంబంధమే లేదు. కేంద్ర ప్రభుత్వంలో తిరిగి చేరినా, కమిషన్డ్ అధికారి స్థాయికి దిగువన రిటైరైనవారి మూల పెన్షన్‌ను జీతం నిర్ణయించేటప్పుడు పూర్తిగా పక్కన పెడతారు.

ఒక హెచ్చరిక కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో రిజర్వేషన్ మీద చేరిన తరువాత మరోసారి ఆ రిజర్వేషన్ కోరే హక్కు ఉండదు. అయితే చేరడానికి ముందే వేరే పోస్టులకు దరఖాస్తు చేసి ఉంటే, వాటి తేదీలతో సహా వివరాలను చేరిన వెంటనే స్వీయ ప్రకటన రూపంలో కార్యాలయానికి ఇచ్చినవారికి ఆ పోస్టుల వరకు హక్కు నిలుస్తుంది. చాలామందికి ఈ నిబంధన తెలియక మంచి పోస్టును పోగొట్టుకుంటున్నారు.

ప్రశ్న: సైన్యంలో మేము పాత పద్ధతి ఇంధన పంపులున్న ఇంజన్ల మీదే ఎక్కువ పనిచేశాము. బయట బీఎస్-6 వాహనాలు చూస్తే భయం వేస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి? (నిజామాబాద్ జిల్లా పాఠకుడు)

జవాబు: మీ భయం సహేతుకమైనదే. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన వాహనాలన్నీ బీఎస్-6 అనే కాలుష్య నియంత్రణ ప్రమాణానివి కాబట్టి దీనిని తప్పించుకునే దారి లేదు. కానీ ఇంజను లోపల పిస్టన్, వాల్వు, బేరింగు మారలేదు. మారినవి ఇంధనం వెళ్లే పద్ధతి, పొగను శుభ్రం చేసే పద్ధతి, అన్నిటినీ కలిపే వైరింగు.

మొదట వదులుకోవలసిన ఒక అలవాటు ఉంది. పాత ఇంజన్లలో ఏ సిలిండరు సరిగా పనిచేయడం లేదో తెలుసుకోవడానికి, ఇంజను నడుస్తుండగానే ఇంజెక్టరు పైపు నట్టును ఒక్కొక్కటిగా వదులు చేసి చూసేవాళ్లం. ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి ఇంధనం అందే కామన్ రైల్ ఇంజనులో ఎప్పుడూ ఆ పని చేయకండి. అక్కడ ఒత్తిడి 1,600 బార్ నుంచి 2,000 బార్ వరకు, కొన్నింటిలో అంతకు మించి ఉంటుంది. సన్నని ధారగా చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, వేలు తీసివేయవలసిన పరిస్థితి కూడా వస్తుంది. సిలిండరు పరీక్షను ఇప్పుడు స్కానర్ ద్వారానే చేస్తారు.

రెండవది, సైలెన్సరు స్థానంలో వచ్చిన వ్యవస్థ. మసిని పట్టే వడపోతను ఎప్పటికప్పుడు వేడితో కాల్చి శుభ్రం చేయాలి. నైట్రోజన్ ఆక్సైడ్‌లను తగ్గించడానికి 32.5 శాతం యూరియా ఉన్న ద్రావణాన్ని పొగలోకి చిమ్ముతారు. ఆ ద్రావణం నాసిరకమైనా, గొట్టంలో గడ్డకట్టినా లారీ శక్తి తగ్గిపోతుంది, డ్రైవరు ఇంజను పాడైందని అనుకుంటాడు. ఈ ఒక్క విషయాన్ని బాగా పట్టుకున్న మెకానిక్‌కు లారీ యజమానుల దగ్గర పనికి కొదవ ఉండదు.

మూడవది కంప్యూటర్ల మధ్య సమాచారం నడిచే రెండు వైర్లు. స్కానర్ కొనే ముందు మల్టీమీటరుతో నేర్చుకోగలిగింది ఎంతో ఉంది. ఉదాహరణకు, భారీ వాహనాల్లో క్యాన్ లైను అనే ఈ వైర్ల జతకు రెండు చివరలా 120 ఓముల నిరోధకాలు ఉంటాయి. బ్యాటరీ కనెక్షన్ తీసి ఆ రెండు వైర్ల మధ్య కొలిస్తే 60 ఓములు రావాలి. 120 వస్తే ఒక చివర తెగినట్టు. లోపం కోడ్ చూడగానే ఆ సెన్సరును మార్చేసేవారు ఎందరో ఉన్నారు. వైరు, కనెక్టరు, ఎర్తింగు వరుసగా పరీక్షించి అసలు కారణం కనుక్కునే ఓపిక సైన్యం మీకు నేర్పింది, దాన్ని ఇక్కడ వాడండి. ఎలక్ట్రిక్ వాహనాల విషయంలో మాత్రం అధిక వోల్టేజీ ఉండే నారింజ రంగు కేబుళ్లను, తగిన భద్రతా శిక్షణ పొందకుండా ముట్టుకోవద్దు.

ప్రశ్న: మావారు వచ్చే ఏడాది రిటైరవుతారు. వచ్చే డబ్బంతా పెట్టి ఊరి దగ్గర హైవే మీద సొంత వర్క్‌షాపు తెరుస్తానంటున్నారు. నాకు ధైర్యం చాలడం లేదు. (నల్గొండ జిల్లా పాఠకురాలు)

జవాబు: అమ్మా, మీ ఆందోళన సరైనదే, ఆయన కోరికా తప్పు కాదు. తొందర మాత్రం తగ్గించుకోవాలి. సైన్యంలో విడిభాగానికి ఆయన డబ్బు చెల్లించలేదు, పని చేయించుకున్నవారు అప్పు పెట్టలేదు, బేరం ఆడలేదు. బయట వర్క్‌షాపులు మూతపడేది చాలాసార్లు వసూళ్లు రాకపోవడం వల్లే. అందువల్ల మొదట ఏడాదిన్నర, రెండేళ్లు మరొకరి లారీ వర్క్‌షాపులోనో, డీలరు దగ్గరో జీతానికి పనిచేయమనండి. విడిభాగాలు ఎవరి దగ్గర కొనాలో, ఎవరు నమ్మకంగా చెల్లిస్తారో, ఆ రోడ్డు మీద ఏ మరమ్మతుకు గిరాకీ ఉందో ఆ కాలంలో తెలుస్తుంది. పెన్షన్ వస్తూ ఉంటుంది కాబట్టి ఈ నిరీక్షణ మీ ఇంటికి భారం కాదు.

తెరిచే రోజు వచ్చినప్పుడు కూడా గ్రాట్యుటీ డబ్బును, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగానికి బదులు ఒకేసారి తీసుకునే) డబ్బును ముందు పెట్టకండి. ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం కింద సేవా రంగంలో 20 లక్షల రూపాయల వరకు ప్రాజెక్టుకు అవకాశం ఉంది. మాజీ సైనికులు అందులో ప్రత్యేక వర్గం కిందికి వస్తారు. సొంత వాటా 5 శాతం చాలు. సబ్సిడీ గ్రామాల్లో 35 శాతం, పట్టణాల్లో 25 శాతం. అంటే గ్రామంలో పెట్టే 20 లక్షల యూనిట్‌కు మీ చేతి డబ్బు లక్ష, సబ్సిడీ 7 లక్షలు. అయితే బ్యాంకు మొదట 19 లక్షల అప్పు ఇస్తుంది, సబ్సిడీ మూడేళ్లు డిపాజిట్‌గా ఉండి ఆ తరువాతే సర్దుబాటు అవుతుంది. ఇది కొత్త యూనిట్లకే వర్తిస్తుంది, ఇప్పటికే తెరిచిన వర్క్‌షాపుకు రాదు. పథకానికి 2025-26 వరకే ఆమోదం ఇచ్చారు కాబట్టి, దరఖాస్తుకు ముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో కొనసాగింపు గురించి అడగండి. ఇంకొక మాట: లెక్కల పుస్తకం మీ చేతిలో ఉంచుకోండి.

ప్రశ్న: గల్ఫ్‌లో హెవీ ఎక్విప్‌మెంట్ మెకానిక్ ఉద్యోగం ఇప్పిస్తామని ఒక ఏజెంటు 2 లక్షలు అడుగుతున్నాడు. వెళ్లవచ్చా? (జగిత్యాల జిల్లా పాఠకుడు)

జవాబు: ఉద్యోగం నిజమైనదే అయినా ఆ మొత్తం చట్టవిరుద్ధం. నమోదైన ఏజెంటు అభ్యర్థి నుంచి తీసుకోగల సేవా రుసుము గరిష్ఠంగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. ఆ ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ ప్రభుత్వ సంస్థలే విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపుతున్నాయి, ముందు అక్కడ నమోదు చేసుకోండి. ఒప్పందంలో మెకానిక్ అని ఉందా, హెల్పర్ అని ఉందా అన్నది సంతకానికి ముందే చదవాలి.

ప్రశ్న: నేను ఈఎంఈలో అగ్నివీర్‌ను. నాలుగేళ్ల తరువాత బయటకు వస్తే పైవన్నీ నాకూ వర్తిస్తాయా? (శ్రీకాకుళం జిల్లా పాఠకుడు)

జవాబు: అన్నీ వర్తించవు. మీకు పెన్షన్ ఉండదు, సేవానిధి కింద సుమారు 11.71 లక్షల రూపాయలు వస్తాయి. పై జవాబుల్లోని రిజర్వేషన్, పెన్షన్ నిబంధనలు పూర్తి సర్వీసు చేసినవారివి కాబట్టి, ప్రతి నోటిఫికేషన్‌లో అగ్నివీర్ల గురించి విడిగా ఏముందో చూసుకోవాలి. మరోవైపు మీరు అప్పటికి ఇంకా చిన్న వయసులోనే ఉంటారు, చదువుకోవడానికి అదే పెద్ద బలం. ఐటీఐ ఉంటే పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరే అవకాశాన్ని విచారించండి. ఇంతకుముందు చెప్పిన తనిఖీ అధికారి, సర్వేయరు ఉద్యోగాలకు డిప్లొమానే తలుపు తెరుస్తుంది. సేవానిధిలో కొంత భాగాన్ని ఆ చదువుకు విడిగా పెట్టి, మిగిలినది ఆ రెండేళ్లూ కదపకుండా డిపాజిట్‌లో ఉంచండి. ఇప్పుడు యూనిట్‌లో ఉండగానే మీరు చేసిన ప్రతి ముఖ్యమైన మరమ్మతునూ, వాహనం రకం, లోపం, చేసిన పని అనే మూడు గళ్లతో సొంత నోటుపుస్తకంలో రాసుకోండి. యూనిట్ వివరాలు, వాహనాల నంబర్లు అందులో ఉండకూడదు.